ఎనిమిది వేళ్ళ బావకు గాలం కర్ర

కార్తీకం పోయిన మూడో రోజు పొద్దున్నే పిచ్చాటూరు నుంచి మా బావ ఫోన్ చేశాడు. బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు. "నువ్విచ్చిన అమెరికా కర్ర నీళ్ళల్లో పోయింది బావా" అన్నాడు.

నెల రోజులు నీచు ముట్టకుండా ఉన్నాడు కదా, ఆ ఆకలంతా పట్టుకుని ఆరణియార్ జలాశయం గట్టుకి పోయాడంట. మూడో విసురుకే కొరమేను కొట్టింది. "కొట్టంగానే కర్ర చేతిలో గిర్రున తిరిగిపోయింది. పైనుండే రీలు కిందికొచ్చేసింది. గట్టిగా పట్టుకుందామంటే నాకు పట్టు యాడుండాది బావా?" అన్నాడు. కర్ర, రీలు, దారం, ఎరగా కట్టిన రబ్బరు కప్ప అన్నీ తీసుకుని చేప లోతుకి పోయింది. వల వేసేవాళ్ళు రెండు రోజులు వెతికినా దొరకలేదు.

ఆ కర్ర నేను అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిందే. డబ్బు పోయిందని నాకు బాధ లేదు. నాకు సిగ్గేసింది. ఎందుకంటే మా బావ ఎడమచేతికి మూడే వేళ్ళు. 1994లో చెరుకు గానుగలో చిటికెన వేలూ, ఉంగరం వేలూ పోయాయి. ఆ సంగతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. అయినా పది వేళ్ళున్నవాడికి చేసిన కర్ర తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆర్టీసీ వర్క్‌షాపులో 34 ఏళ్ళు పని చేసినవాడిని. డ్రైవరు పొట్టివాడైతే సీటు కింద చెక్క పెట్టి ఎత్తు చేసి పంపేవాళ్ళం. ఆ మాత్రం ఆలోచన ఇంట్లోవాడి దగ్గర రాలేదు.

"కొత్తది కొనొద్దు, నేనే కడతా" అన్నాను. బావ నవ్వాడు. "కట్టు, కట్టు. పుత్తూరు కట్టు మాదిరి కట్టు" అన్నాడు. మా వైపు ఎవరికి ఎముక విరిగినా ముందు పుత్తూరు కట్టుకే పోతారు కదా, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. గాలం దారం దూరిపోయే రింగుల్ని నేను కర్రకి వేరే దారం చుట్టి కట్టడం మొదటిసారి చూసినప్పటి నుంచీ బావకి అదే మాట.

అసలీ పిచ్చి నాకు 2022లో పట్టింది. కూతురి దగ్గరికని డల్లాస్ పోయి ఆరు నెలలున్నాను. (నేనక్కడ ఉండగానే ఏప్రిల్‌లో ఇక్కడ పిచ్చాటూరు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. బావ ఫోన్లో "నువ్వు తిరిగొచ్చేసరికి జిల్లానే మారిపోయింది పో" అన్నాడు.) అక్కడ పగలంతా పనేముంది? కూతురూ అల్లుడూ కంప్యూటర్ల ముందు, నేను కిటికీ ముందు. అల్లుడి పక్కింట్లో ఒక పెద్దాయన, నా వయసే, గ్యారేజీ తలుపు తీసి పెట్టుకుని కర్రలకి దారం చుడుతుండేవాడు. నేను నారాయణవనంలో నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాడిని. చిన్నప్పుడు బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన చెయ్యి ఇది. దారం కనిపిస్తే ఊరుకుంటుందా? మూడో రోజుకల్లా ఆయన గ్యారేజీలో నాకొక స్టూలు పడింది. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నాది ఆయనకి అంతకంటే తక్కువ. పని మాత్రం ఇద్దరికీ అర్థమయ్యేది.

ఒక శనివారం ఆయన పడవలో లేక్ ఫోర్క్ అనే జలాశయానికి తీసుకెళ్ళాడు. డల్లాస్‌కి తూర్పున గంటన్నర దారి. 1980లో కట్ట పూర్తయిందట. నీళ్ళు నింపేటప్పుడు చెట్లు చాలా వరకు కొట్టకుండా వదిలేశారు. ఇప్పటికీ నీళ్ళల్లో మొండి మానులు నిలబడి ఉంటాయి. ఆ మానుల సందుల్లో బ్యాస్ చేప దాక్కుంటుంది. పచ్చటి ఒళ్ళు, పక్కన నల్లటి చార, నోరు చూస్తే కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది. టెక్సాస్ రికార్డు బ్యాస్ ఆ చెరువులోదే, 1992 జనవరిలో పడింది, ఎనిమిదింపావు కిలోలు. ప్రపంచ రికార్డు పది కిలోల పైన: 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే రైతు పట్టాడు. 77 ఏళ్ళ తర్వాత 2009లో జపాన్‌లోని బివా సరస్సులో కురిటా అనే ఆయన దాంతో సమానమైన చేప పట్టాడు. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాసుకున్నారు.

లేక్ ఫోర్క్‌లో రూలు నాకు భలే వింతగా అనిపించింది. మన దగ్గర చిన్నవి వదిలి పెద్దవి పట్టమంటాం. అక్కడ 16 అంగుళాల నుంచి 24 అంగుళాల దాకా ఉన్నవి తిరిగి నీళ్ళల్లో వదిలెయ్యాలి. నేను పట్టిన ఒక్కగానొక్క చేప సరిగ్గా 17 అంగుళాలు. కొలబద్ద మీద పెట్టి చూసుకుని, దండం పెట్టి వదిలేశాను. ఆ రాత్రి ఇంట్లో సాంబారే.

ఆ పడవ గురించి చెప్పకుండా ఉండలేను. ఇరవై అడుగులు. ఒళ్ళంతా పెళ్ళి రథం మాదిరి మెరుపులు. వెనకాల 250 గుర్రాల ఇంజను. నేను సర్వీసులో విప్పి బిగించిన బస్సుల్లో ఒక్కదానికీ అన్ని గుర్రాలు లేవు, అవి యాభై మందిని కొండెక్కించేవి. ఇది ఇద్దరు ముసలోళ్ళని చేపలకి తీసుకుపోయేది. కూర్చుంటే టోపీ ఎగిరిపోయింది. చెరువులో చేపలు పట్టే పడవంటే ఇట్లా ఉండాలని మొదలైంది 1948లో, లూసియానాలోని ష్రీవ్‌పోర్టులో హోమ్స్ థర్మండ్ అనే ఆయన చేసిన స్కీటర్ పడవతో అని చెప్పాడు. నాకు నచ్చింది మాత్రం ముందు భాగాన ఉన్న చిన్న కరెంటు మోటారు. కాలితో తొక్కితే చప్పుడు లేకుండా పడవని తిప్పుతుంది. దాని కథ ఇంకా నచ్చింది. 1934లో ఫార్గో అనే ఊళ్ళో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డు మోడల్ ఎ కారు స్టార్టర్ మోటారు ఊడదీసి, దానికి ఫ్యాను రెక్క తగిలించి పడవకి బిగించాడట. మా వర్క్‌షాపులో పుట్టాల్సిన మనిషి.

నేను వచ్చేటప్పుడు ఆ పెద్దాయన రెండు బ్లాంకులు ఇచ్చాడు, పీవీసీ పైపులో పెట్టి. బ్లాంకు అంటే రింగులూ పిడీ ఏమీ లేని ఉత్త కర్ర. కార్బన్ పోగుల్ని జిగురుతో రేకులా చేసి, కొన సన్నగా ఉన్న ఇనుప ఊచ చుట్టూ చుట్టి, పైన టేపు బిగించి బట్టీలో కాలుస్తారు. ఊచ లాగేస్తే బోలు గొట్టం మిగులుతుంది. నున్నగా పాలిష్ చెయ్యని బ్లాంకు మీద వేలు పెట్టి రాస్తే ఆ టేపు చుట్ల గీతలు ఇప్పటికీ తగులుతాయి. ఇంకో సంగతి ఆయనే చెప్పాడు. 1840ల్లో పెన్సిల్వేనియాలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకులు చేసే ఆయన వెదురుని బద్దలుగా చీల్చి అతికించి గాలం కర్రలు చేశాడట. ఆ వెదురు కలకత్తా నుంచి ఓడలో పోయిందే. అప్పుడు మన వెదురు వాళ్ళకి పోయింది, ఇప్పుడు వాళ్ళ కార్బన్ కర్ర నేను విమానంలో మోసుకొచ్చాను. ఎయిర్‌పోర్టులో "ఇదేంది సార్" అని అడిగితే చేపల కర్ర అన్నాను. "తిరుపతిలోనా?" అన్నాడు.

ఆ మాట నాకు అలవాటే. కొండ కింద ఉంటూ ఈ పనేందని మా వీధిలోనే అంటారు. గోవిందరాజుల కోనేట్లో చేపలకి బొరుగులు వెయ్యడానికే నేను గాలం లేకుండా పోయేది. పిచ్చాటూరులో మాత్రం గాలంతో.

సరే, కర్ర సంగతికి వస్తాను.

ముందు అందరికీ తోచే ఉపాయమే నాకూ తోచింది. మామూలుగా కర్ర పైన కూర్చునే ఈ రకం రీలుతో కుడిచేత్తో విసిరి, కర్రని ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో హ్యాండిల్ తిప్పుతారు. అంటే చేపతో పోరాడేది ఎడమచెయ్యి. బావకి లేనిది ఆ చేతి పట్టే. మరి హ్యాండిల్ ఎడమవైపు ఉండే రీలు పెడితే? కర్ర కుడిచేతిలోనే ఉండిపోతుంది, ఎడమచేతి మూడు వేళ్ళతో హ్యాండిల్ తిప్పొచ్చు. స్నేహితుడి దగ్గర అలాంటి రీలు అడుక్కుని పిచ్చాటూరు పోయాను. బావ గంటసేపు ప్రయత్నించాడు. "ఎడమచేత్తో అన్నం తిన్నట్టుండాది బావా" అని తిరిగిచ్చేశాడు. చిన్నప్పటి నుంచీ పాలడబ్బాకి నైలాన్ దారం కుడిచేత్తో చుట్టిన మనిషి. అరవై నాలుగేళ్ళ వయసులో చేతులు మార్చుకోమంటే ఎలా?

అయితే అసలు కర్ర చేతిలో ఎందుకు తిరుగుతుంది? దీన్ని నేను మా మిద్దె మీద కనుక్కున్నాను.

నా దగ్గరున్న ఇంకో కర్రకి దారం ఎక్కించి, కొసకి లీటరు నీళ్ళ సీసా కట్టి, పిట్టగోడ అవతలికి వేలాడదీశాను. నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళు మడిచి ప్లాస్టర్ వేసుకున్నాను. బట్టలు ఆరేయడానికొచ్చిన మా ఆవిడ "ఏమైంది వేళ్ళకి?" అని కంగారు పడింది. ఏమీ కాలేదు, మీ అన్న వేళ్ళు పెట్టుకున్నా అన్నాను. సీసా బరువు పడగానే మణికట్టు దగ్గర తెలిసింది, కర్ర పక్కకి ఒరగాలని చూస్తోంది. పది వేళ్ళున్నప్పుడు ఆ చివరి రెండు వేళ్ళే మనకి తెలియకుండా దాన్ని ఆపుతుంటాయి. అవి లేకపోతే ఇంక ఆపేదేమీ లేదు.

కారణం తేలికే. రీలు కర్ర పైన ఉంటుంది, అందుకని రింగులూ పైనే కడతారు. దారం ఆ రింగుల గుండా కర్ర పైనుంచి పోతుంది. చేప కిందికి లాగితే బరువంతా రింగుల తలల మీద పడుతుంది. కావడి కర్రకి బిందెను కింద వేలాడదీస్తే ఊరికే ఉంటుంది. అదే బిందెను కర్ర పైన నిలబెట్టి మొయ్యండి చూద్దాం, ఎప్పుడెప్పుడు కిందికి దొర్లుదామా అని చూస్తుంది. అంతే.

దానికి విరుగుడు ఉంది. రింగుల్ని కర్ర చుట్టూ మెలి తిప్పి కట్టడం. రీలుకి దగ్గరున్న మొదటి రింగు పైనే. రెండోది కొంచెం పక్కకి, 60 డిగ్రీలు. మూడోది 120. నాలుగోది పూర్తిగా కిందికి. అక్కడి నుంచి కొస దాకా అన్నీ కిందే. దారం రీలు నుంచి బయల్దేరి కర్ర పక్కనుంచి దిగి అడుగుకి చేరుతుంది. ఇప్పుడు బరువు కర్ర కింద వేలాడుతుంది కాబట్టి తిరగడానికి కారణమే లేదు. చూడ్డానికి మాత్రం ఎవడో తాగి కట్టినట్టుంటుంది. కంపెనీలవాళ్ళు ఎక్కువగా ఇలా చెయ్యకపోవడానికి అదో కారణమని నా అనుమానం. షాపులో వరసగా నిలబెడితే ఇది వంకరగా కనిపిస్తుంది.

ఆరున్నర అడుగుల కర్రకి ఎనిమిది రింగులు, కొస మీద ఒకటి పెట్టాను. అడుగుల లెక్కకి ఒకటి కలిపితే దాదాపుగా సరిపోతుందని పాత లెక్క. ఎక్కడెక్కడ పెట్టాలన్నది లెక్కతో తేలదు, వంచి చూడాలి. సైకిలు వాల్వు ట్యూబు సన్నగా ముక్కలు కోసి వాటితో రింగుల్ని తాత్కాలికంగా బిగించాను. దారం ఎక్కించి సీసా కట్టి వంచి చూస్తే, రెండు రింగుల మధ్య దారం కర్ర వంపుని వదిలి అడ్డదారిన పోయిందంటే అక్కడ దూరం ఎక్కువైనట్టు. రింగు జరపాలి. మళ్ళీ వంచాలి. ఒక సాయంత్రమంతా ఇదే. బ్లాంకుకి ఒక పక్క గట్టి, ఒక పక్క మెత్తన ఉంటుంది, దాన్ని కనిపెట్టి కట్టాలని పెద్ద పెద్ద వాదాలు చేస్తారు. నేను రెండు పద్ధతులూ చూశాను. కర్ర తిన్నగా కనిపించే వైపు పెట్టి కట్టేస్తాను, నాకెప్పుడూ తేడా తెలియలేదు.

పిడికి బావ చేతి అచ్చు కావాలి. మొదటిసారి చపాతీ పిండి ముద్ద పిసికించి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. తిరుపతి చేరేసరికి ముద్ద మెత్తబడి, వేళ్ళ గుర్తులు పోయి, ఉత్త పిండే మిగిలింది. మా ఆవిడ దాన్ని చపాతీలు చేసేసింది. రెండోసారి బావే చెరువు గట్టున బంకమన్ను తీసి, బాగా పిసికి, ఎడమచేత్తో బిగించి పట్టుకుని, నీడలో ఆరబెట్టి పంపాడు. ఆ మన్ను ముద్ద ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు లోతుగా పడ్డాయి. తర్వాత చోట వేళ్ళ గుర్తు లేదు, అరచేతి గీతలు మాత్రం పడ్డాయి. ఆ ఖాళీ నింపితే పట్టు వస్తుందని అది చూశాకే అర్థమైంది.

కార్కు బిళ్ళలు ఒకదానికొకటి అతికించి, డ్రిల్లుకి తగిలించి తిప్పుతూ ఎమిరీ కాగితంతో అరగదీశాను. మామూలు పిడి సన్నగా దిగుతుంది కదా, దీనికి లేని వేళ్ళుండే చోట కోడిగుడ్డంత ఉబ్బు వదిలాను. రీలు కింద ఉండే కొక్కేన్ని చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య పడేట్టు ముందుకి జరిపాను. కట్టడం మొదలుపెట్టాక ఒక ఎన్ఆర్ఐ మిత్రుడు తనకీ ఒకటి కావాలన్నాడు, ఎర్రచందనం పిడితో. నాయనా, శేషాచలం కింద కూర్చుని ఆ మాట ఫోన్లో కూడా అనకూడదు. కావాలంటే మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్ళ చేత టేకు పిడి చేయిస్తానన్నాను. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఇంక దారం. ఇదే నాకు పండగ.

రింగు పాదాన్ని ముందు ఆకురాయితో కత్తి అంచంత పల్చగా రాయాలి. లేకపోతే దారం కర్ర మీద నుంచి పాదం మీదికి ఎక్కేచోట సందు పడుతుంది. పాత కుట్టు మిషను టెన్షన్ డిస్కులు రెండు బల్లకి బిగించి, వాటి మధ్య నుంచి దారం లాక్కుంటాను. ఇక్కడ టెన్షన్ అంటే నిజంగా దారం టెన్షనే. మరీ బిగిస్తే పాదం బ్లాంకుని కోస్తుంది, వదులైతే రింగు ఊగుతుంది. దారం మొదట్లో తన మీదే తాను అడ్డంగా ఒక చుట్టు వేసి, కొసని కిందికి తొక్కించి, కర్రని ఒళ్ళోకి తిప్పుకుంటూ చుట్టు పక్కన చుట్టు. పోగుకీ పోగుకీ మధ్య వెలుతురు కనపడకూడదు. కనపడితే గోరుతో వెనక్కి నెట్టాలి. ఇంకో ఐదారు చుట్లు ఉందనగా ఉచ్చు వేసిన వేరే దారం ముక్క ఒకటి లోపల పెట్టి, దాని మీదుగా చుట్టేసి, కొసని ఆ ఉచ్చులో దూర్చి లాగితే అది చుట్ల కిందికి దూరి మాయమైపోతుంది. ముడి అనేదే ఉండదు. మా నాయన తెగిన పోగుని అతికినా ఇంతే, మర్నాడు ఆయనకే కనపడేది కాదు.

నా మొట్టమొదటి కర్రకి మాత్రం బుద్ధి తక్కువై పట్టుదారం వాడాను. నారాయణవనం నుంచి తెచ్చుకున్న నిమ్మపండు రంగు పట్టు. చుట్టినప్పుడు పెళ్ళికూతురు చీర అంచు మాదిరి ఉండింది. దారం కదలకుండా పైన ఎపాక్సీ జిగురు పూసిన పది నిమిషాల్లో తడిసిన గోనెసంచి రంగుకి తిరిగింది. జిగురు పోగుల్లోకి పోయి దారాన్ని అద్దంలాగా చేసేస్తుంది, కింద ఉన్న నల్ల బ్లాంకు కనపడుతుంది. ముందు రంగు కాపాడే పూత ఒకటి పూసి ఆరబెట్టాలని అప్పుడు తెలిసింది. జరీకి ఆ బాధ లేదు, అది లోహం, రంగు మారదు. అందుకని బావ కర్రకి నల్ల నైలాన్ దారం చుట్టి, ప్రతి రింగుకీ రెండు పక్కలా మూడేసి చుట్లు జరీ వేశాను. కండె ఒకటి మా పినతండ్రి కొడుకు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

ఎపాక్సీ రెండు సీసాలు, సమానంగా కలపాలి. కంటి అంచనాతో కలిపితే వారం తర్వాత కూడా వేలికి అంటుకుంటుంది. ఇంజెక్షన్ సిరంజీలతో కొలుస్తాను. పూశాక కర్రని నాలుగైదు గంటలు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే కిందికి జారి కన్నీటి చుక్కలా గడ్డకడుతుంది. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళెం తిప్పే మోటారు పీకి పెట్టుకున్నాను. నిమిషానికి ఐదారు చుట్లు, బ్రహ్మాండంగా సరిపోతుంది. దాని బుద్ధి మాత్రం విచిత్రం, ఒకసారి ఇటు తిరుగుతుంది, ఆపి వేస్తే అటు తిరుగుతుంది.

ఆ రోజు సాయంత్రం పూత పూసి, స్పిరిట్ దీపం మంట అలా అలా చూపించి బుడగలు పోగొట్టి, మోటారు వేసి, కాఫీ తాగుదామని లేచాను. కరెంటు పోయింది. తుఫాను వాన, ఎప్పుడొస్తుందో తెలియదు. చేత్తో తిప్పాల్సిందే. గంట తిప్పేసరికి నా మెడ పట్టేసింది. మా ఆవిడ వచ్చి కూర్చుంది. కొవ్వొత్తి వెలుగులో గోవింద నామాలు చెప్పుకుంటూ, నామానికొక పావు చుట్టు చొప్పున తిప్పింది. అన్న కర్ర కదా. కరెంటు పదిన్నరకి వచ్చింది. పొద్దున చూస్తే ఒక్క చోట కూడా జారలేదు. నేను తిప్పిన భాగంలో ఒక బుడగ ఉంది, ఆమె తిప్పిన దాంట్లో లేదని ఇప్పటికీ అంటుంది. మొత్తం ఒకే కర్ర, ఒకేసారి తిరుగుతుందని చెప్పినా వినదు.

కర్ర పక్కన మిగతా సామాను గురించి అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నా. బ్యాస్ సామాను మన కొరమేనుకి పనికొస్తుందా అంటే, సగం. రెండూ నాచులో దాక్కుని మీద పడే రకమే. అమెరికాలో ఒక్కో ఎరకి ఒక్కో కర్ర అంటారు, ఆ పెద్దాయన పడవలో పదకొండు కర్రలు లెక్కపెట్టాను. మనకి ఒకటి చాలు. అక్కడ రబ్బరు కప్పకి వాడే కర్రలు మరీ మొండివి. మన కప్పలు పది గ్రాముల లోపు, దానికి ఆ కర్ర వంగదు, దూరం పోదు. మీడియం హెవీ, అంటే గట్టిదేగానీ మరీ మొండిది కానిది, కొస చురుగ్గా వంగేది తీసుకోండి. రీలు మీద డబ్బు మిగలబెట్టుకోవచ్చుగానీ దారం మీద వద్దు. నలభై పౌండ్ల అల్లిక దారం ఉంటే తామర కాడలు కూడా కోసుకుంటూ వస్తుంది. ఆ దారం నున్నటి స్పూలు మీద జారిపోతుంది, అడుగున నాలుగు చుట్లు మామూలు నైలాన్ వేసి దాని మీద కట్టాలి. బొటనవేలితో స్పూలుని ఆపడం రానంత కాలం బ్రేకు బాగా బిగించి ఉంచండి, లేకపోతే దారం చిక్కుపడి గిజిగాడి గూడు తయారవుతుంది. విప్పడానికి ఒక పూట.

ఇంకొకటి. కొరమేను గాలి పీల్చడానికి పైకొస్తుంది, ఆ బుడగ చూసి విసరాలి. కప్పని కొట్టంగానే లాగకూడదు. ఒకటి, రెండు అనుకుని లాగాలి. వాన పడ్డాక ఎర్రటి పిల్లల గుంపు పైన తేలుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే కోపంతో తప్పకుండా కొడుతుంది. ఆ చేప జోలికి పోవద్దు. దాన్ని తీసేస్తే ఆ గుంపు సాయంత్రానికి జిలేబీ (బయటి దేశం నుంచి వచ్చిన తిలాపియా) చేపల పాలు. బ్యాస్ పిల్లలు తెచ్చి మన చెరువుల్లో వదులుదామా అని ఒక కుర్రవాడు అడిగాడు. జపాన్‌లో అలా పెరిగిపోయిన బ్యాస్‌ని వదిలించుకోలేక, బివా సరస్సులో పట్టినదాన్ని తిరిగి వదలకూడదని రూలు పెట్టుకున్నారు. మనకి జిలేబీ ఒక్కటి చాలదా?

పడవ ముచ్చట చిన్నదే. గాలి నింపే పడవ కొన్నాను, రెండో రోజే కంప ముల్లు దిగింది. ఆర్టీసీలో నేర్చిన ప్యాచీ వేశాను, మూడో వారం ఇంకో చోట దిగింది. మన చెరువు గట్లు కంపలేని చోటు చూపించండి, అప్పుడు కొంటాను. కయాక్ మంచిదేగానీ పాతిక కిలోలు, మిద్దె మీద నుంచి దించేసరికి నడుం పోతుంది. చివరికి అక్కడి జాలరి ఒకాయన ఫైబర్ పుట్టి అడిగి తీసుకుంటున్నాం. సంఘం పెద్దకి చెప్పి, వాళ్ళ వలల జోలికి పోకుండా, వాళ్ళు చూపించిన వైపే. పుట్టికి ముందూ లేదు వెనకా లేదు. కప్ప ఇటు విసిరితే పుట్టి అటు తిరుగుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనని నేను, అది వేసుకుంటే ఉక్క అని బావ. ఇద్దరం వేసుకునే ఎక్కుతాం.

కనుమ రోజు పోదామన్నాడు బావ. కనుమ నాడు కాకి కూడా కదలదు, మీరెక్కడికి అని మా అక్కయ్య గట్టిగా ఆపింది. ముక్కనుమ తెల్లవారుజామున పోయాం. మంచు. కట్ట మీద నుంచి చూస్తే నీళ్ళెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. బావ కర్ర తీసుకుని ముందు జరీ చూశాడు, తర్వాత మెలి తిరిగిన రింగులు చూశాడు. "తిన్నగా కట్టడం రాలేదా?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

గంటన్నర ఏమీ లేదు. ఎండ తగిలాక తూటాకు పక్కన ఒక బుడగ లేచింది. బావ విసిరాడు, పుట్టి అరచుట్టు తిరిగింది, కప్ప సరిగ్గా ఆకు అంచున పడింది. రెండుసార్లు ఆడించాడో లేదో, కుండలో రాయి వేసినట్టు చప్పుడు. బావ పెదాలు కదిలాయి, ఒకటి, రెండు. లాగాడు. కర్ర విల్లులాగా వంగింది. నేను చేపని చూడలేదు, ఆయన ఎడమచెయ్యి చూస్తున్నాను. మూడు వేళ్ళు తెల్లబడ్డాయి. రీలు పైనే ఉంది. చేప పుట్టి కిందికి దూరింది, కర్ర కొస నీళ్ళల్లో మునిగింది, రీలు పైనే ఉంది. దారం పక్కనుంచి కిందికి దిగి, కర్ర కింద తీగలాగా బిగుసుకుని నిలబడింది.

కిలోన్నర పైన ఉండొచ్చు, మా అక్కయ్య పాత తక్కెడలో కిలో ఆరు వందలు తూగింది. పులుసులో ఎండు మామిడి ముక్కలు వేసింది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని కర్ర ఎలా ఉందని అడిగాను. బావ తాంబూలం నములుతూ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పట్టు బాగుండాది. పిడి చివర పొడుగెక్కువ. తిప్పినప్పుడల్లా లైఫ్ జాకెట్ లోపలికి దూరతా ఉంది. రెండంగుళాలు కొయ్యి" అన్నాడు. నిజమే, నిలబడి విసిరేవాడి మోచేతికి కొలిచి పెట్టాను, ఆయన పుట్టిలో కూర్చుని విసురుతాడు. కర్ర మళ్ళీ తిరుపతి తెచ్చాను. మామూలు హాక్సా బ్లేడుతో కోస్తే కార్కు పెచ్చులూడుతుంది. పళ్ళు సన్నగా ఉండే బ్లేడు కావాలి, పండగకి మూసిన హార్డ్‌వేర్ షాపు సోమవారం తీస్తాడంట.